నేపుల్స్‌లో మూడు నాలుగు రోజులు: వీసా నుంచి వెసూవియస్ దాకా

ఇటలీ వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ దారి పడతారు. నేపుల్స్‌ను కలుపుకున్నవాళ్లు కూడా పొద్దున రైలు దిగి, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కప్పేసిన పాంపే నగర శిథిలాలు చూసి, రాత్రికి రోమ్ చేరిపోతారు. రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీకులు కట్టిన ఈ రేవు పట్టణం వాళ్లకు రైలు మారే చోటుగానే మిగులుతుంది. పాత ఊరంతా 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గ్రీకులు గీసిన వీధుల మీదే ఇవాళ్టికీ జనం తిరుగుతున్నారు, బట్టలు ఆరేస్తున్నారు, స్కూటర్లు నడుపుతున్నారు. మూడు, నాలుగు రోజులు చేతిలో ఉన్నవాళ్లకు ఇంతకంటే నిండైన మధ్యధరా నగరం దొరకడం కష్టమని నా అభిప్రాయం. కాకపోతే కొన్ని పనులు ముందే చేసుకోవాలి. వాటినే వరసగా చెబుతాను.

1. ముందు ఏవి వదిలేయాలో తేల్చుకోండి

నేపుల్స్ పేరు వెతకగానే కాప్రీ దీవి, అమాల్ఫీ తీరం, సొరెంటో, పాంపే, వెసూవియస్ అన్నీ ఒకేసారి కళ్లముందుకొస్తాయి. మూడు రోజుల్లో అన్నీ చుట్టేయాలనుకుంటే బస్సు క్యూలు, పడవ క్యూలు తప్ప ఏమీ గుర్తుండదు. అమాల్ఫీ తీరం వేసవిలో ఒకే ఒక్క ఇరుకు రోడ్డు మీద నడుస్తుంది. దానికి విడిగా రెండు మూడు రోజులు పెట్టుకోగలిగితేనే వెళ్లండి. కాప్రీ సంగతీ అంతే.

నేను చెప్పే లెక్క ఇది: పాత ఊరికి ఒక రోజు, పురావస్తు మ్యూజియానికీ ఊరి మిగతా భాగానికీ కలిపి ఒక రోజు, పాంపేకి గానీ, అదే విస్ఫోటంలో పూడిపోయిన హెర్కులేనియానికి గానీ ఒక రోజు. నాలుగో రోజు ఉంటే పక్కనున్న పాత రేవు పట్టణం పోట్సువోలి. అంతకుమించి పెట్టుకోవద్దు.

2. నెల చూడండి, అంతకంటే ముఖ్యంగా వారం చూడండి

ఏప్రిల్, మే నెలలు, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్య దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో ఎండ 30 డిగ్రీలు దాటుతుంది. మనకు అదేం ఎండ అనిపించవచ్చు గానీ, పాంపేలో నీడ దాదాపు ఉండదు, కాళ్ల కింద రాళ్లు కాలుతుంటాయి. పైగా ఆగస్టు 15 ఇటలీలో పెద్ద పండుగ. ఆ వారం చాలా చిన్న హోటళ్లు, దుకాణాలు మూసేసి జనం సముద్రతీరాలకు పోతారు. నవంబరులో వానలు ఎక్కువ. డిసెంబరులో చలి ఓర్చుకోగలిగితే క్రిస్మస్ బొమ్మల వీధి కోసం వెళ్లొచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు. నేపుల్స్ పురావస్తు మ్యూజియానికి, సాన్సెవెరో ప్రార్థనాలయానికి సెలవు ఒకే రోజు, మంగళవారం. ఊరిలో చూడాల్సినవాటిలో మొదటి రెండూ ఇవే. సోమవారం సాయంత్రం దిగి బుధవారం పొద్దున వెళ్లిపోయేలా టికెట్లు కొన్నారంటే రెండూ పోయినట్టే. అందుకే మంగళవారాన్ని పాంపేకి కేటాయించండి. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలకు నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. వినడానికి బాగుంటుంది, కానీ ఆ రోజు జనం మధ్య బొమ్మలు కనబడవు. నేనైతే డబ్బు కట్టి మరో రోజు వెళతాను.

సెప్టెంబరు 19 నగర రక్షకుడు సాన్ జెన్నారో పండుగ. సీసాలో భద్రపరిచిన ఆయన రక్తం ఆ రోజు కరుగుతుందని భక్తుల నమ్మకం. మే నెల మొదటి ఆదివారానికి ముందు శనివారం, డిసెంబరు 16న కూడా ఇదే తంతు. కరిగితే ఊరికి మంచిదని, కరగకపోతే కీడని అంటారు. ఆ తేదీల్లో వెళ్లేవాళ్లు కెథడ్రల్‌కు పొద్దున్నే చేరుకోవాలి, గదులు చాలా ముందే తీసుకోవాలి.

3. వీసా పని

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా, అంటే ఇటలీతో సహా యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి చెల్లే వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలని నిబంధన. కానీ వేసవి సీజన్‌కు అపాయింట్‌మెంట్లే దొరకవు కాబట్టి రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. వీసా కేంద్రం సర్వీసు చార్జీ విడిగా ఉంటుంది. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటి ఉండకూడదు, తిరుగు ప్రయాణం తర్వాత కూడా మూడు నెలలు చెల్లాలి.

యూరప్‌లో రెండు మూడు దేశాలు తిరిగేటట్టయితే ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దరఖాస్తుకు వారం ముందు ఒక్కసారిగా లక్షలు వచ్చి పడితే అనుమానం వస్తుంది. ఆ డబ్బు ఎక్కడిదో చూపే కాగితం జత చేయండి. వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేసుకోలేని విమాన టికెట్ కొనొద్దు.

జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకుంటూ అక్కడి రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మన పిల్లలకు ఇటలీ వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు. పర్మిట్, పాస్‌పోర్టు రెండూ వెంట ఉంచుకుంటే చాలు. లండన్‌లో ఉన్నవాళ్లకు, అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లకు మాత్రం షెంగెన్ వీసా కావాల్సిందే.

4. చేరుకోవడం

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. గల్ఫ్ నగరాల మీదుగా గానీ, ఇస్తాంబుల్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల మారి గానీ వెళ్లాలి. నేపుల్స్ దాకా ఒకే టికెట్ ధర ఎక్కువగా ఉంటే రోమ్‌లో దిగండి. రోమ్ తెర్మినీ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలు గంటా పది నిమిషాల్లో నేపుల్స్ చేరుస్తుంది. ప్రభుత్వ సంస్థ ట్రెనిటాలియా, ప్రైవేటు సంస్థ ఇటాలో రెండూ పోటీపడి నడుపుతాయి కాబట్టి కొన్ని వారాల ముందు కొంటే ధర బాగా తగ్గుతుంది. టికెట్ వెతికేటప్పుడు నాపోలి చెంత్రాలే అనే స్టేషన్ పేరు ఇవ్వండి. విమానం ఆలస్యమైతే రైలు తప్పిపోతుంది. అందుకే దిగే సమయానికీ రైలుకూ మధ్య కనీసం మూడు, నాలుగు గంటలు ఉంచుకోవాలి.

యూరప్ సరిహద్దులో బయటి దేశాలవాళ్ల వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి 2025 అక్టోబరు 12 నుంచి దశలవారీగా మొదలైంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇమిగ్రేషన్ దగ్గర దీనికి కాస్త సమయం పడుతుంది.

నేపుల్స్ విమానాశ్రయంలోనే దిగితే ఊరు చాలా దగ్గర. అలీబస్ అనే బస్సు చెంత్రాలే స్టేషన్‌కు, రేవుకు తిరుగుతుంది. టికెట్ సుమారు 5 యూరోలు. సామాను ఎక్కువుంటే టాక్సీ మంచిది. ఇక్కడో కిటుకుంది. విమానాశ్రయం, స్టేషన్, రేవు నుంచి ఊరిలోని ముఖ్యమైన ప్రాంతాలకు నగరపాలక సంస్థ నిర్ణయించిన స్థిర చార్జీలున్నాయి. కానీ బండి కదలకముందే మీరు అడగాలి. ఎక్కగానే ‘తరీఫా ప్రెదెతెర్మినాతా’ అనండి. ఆ మాటతో డ్రైవరుకు మీరు తెలిసినవారేనని అర్థమవుతుంది, మీటరు గొడవ ఉండదు.

5. ఎక్కడ ఉండాలి

చెంత్రాలే స్టేషన్ చుట్టూ ఉన్న గరిబాల్డి కూడలిలో గదులు చౌక. పొద్దున్నే రైలు పట్టుకోవడానికి సౌకర్యం. రాత్రి పొద్దుపోయాక అంత బాగుండదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నేను సిఫారసు చేయను. సముద్రం వైపున్న కియాయా శుభ్రంగా, ఖరీదుగా ఉంటుంది. కొండ మీది వోమెరో మధ్యతరగతి కుటుంబాలుండే ప్రశాంతమైన పేట. కిందికి దిగడానికి ఫ్యునిక్యులర్లు, అంటే కేబుల్‌తో కొండ ఎక్కి దిగే రైళ్లు ఉన్నాయి. పాత ఊరి నడిబొడ్డున అయితే అన్నీ నడక దూరమే గానీ అర్ధరాత్రి దాటినా సందడి ఆగదు.

చిన్న ట్రిప్పుకు మెట్రో ఒకటో లైను మీద తొలేదో, దాంతే, మూజెయో స్టేషన్ల దగ్గర గది తీసుకోవడం అన్నిటికంటే మంచిది. బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా అని తప్పకుండా అడగండి. వందల ఏళ్ల నాటి మేడలు, అంతస్తులు ఎత్తు. మూడో అంతస్తు అంటే మన ఐదో అంతస్తు. కొన్ని పాత లిఫ్టుల్లో చిల్లర నాణెం వేస్తే గానీ కదలవు. గది అద్దె కాక మనిషికి రాత్రికి ఇంతని నగర పన్ను విడిగా కట్టాలి. చాలాచోట్ల నగదే అడుగుతారు.

6. ఇంట్లోంచే కొనాల్సిన టికెట్లు

మూడే మూడు. సాన్సెవెరో ప్రార్థనాలయం మొదటిది. చిన్న గది, సమయం ప్రకారం లోపలికి పంపుతారు, టికెట్లు రోజుల ముందే అయిపోతాయి. ట్రిప్పు తేదీలు ఖరారవగానే మొదట కొనాల్సింది ఇదే. రెండోది పాంపే. 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందికే ప్రవేశం, టికెట్ మీద పేరు కూడా ఉంటుంది. అందుకని గుర్తింపు కార్డు వెంట ఉండాలి. ధర 20 యూరోల చుట్టుపక్కల. మూడోది రోమ్ రైలు. మిగతావన్నీ అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చు.

కంపానియా ఆర్తెకార్డ్ అని మూడు రోజుల పాస్ ఒకటుంది. మొదటి రెండు చోట్ల ప్రవేశం ఉచితం, ఆ తర్వాత రాయితీ, బస్సులు, మెట్రో, లోకల్ రైళ్లు అందులోనే. మ్యూజియం, పాంపే రెండూ దాంతో చూస్తే పాస్ ఖర్చులో ఎక్కువ భాగం అక్కడే తీరిపోతుంది. పాస్ ఉన్నా పాంపేకి తేదీ నమోదు చేసుకోవాలేమో కొనేటప్పుడే చూసుకోండి.

7. మొదటి రోజు: పాత ఊరు, కాలినడకన

పొద్దున ఎనిమిదిన్నరకల్లా జెజూ నువోవో కూడలికి చేరుకోండి. అక్కడి చర్చి ముఖభాగం అంతా వజ్రాల్లా చెక్కిన ముక్కోణపు రాళ్లు. బయటి నుంచి కోటలా ఉంటుంది, లోపల చలువరాళ్లు, బంగారు పూత. ఎదురుగా సాంతా కియారా. 1943 ఆగస్టు బాంబుదాడిలో ఈ చర్చి కాలిపోయింది. తర్వాత పాత గోతిక్ రూపంలో తిరిగి కట్టారు. దాని వెనకున్న తోటకు చిన్న టికెట్ ఉంటుంది. రంగురంగుల మజోలికా పింగాణీ పలకలు అతికించిన స్తంభాలు, బెంచీలు, మధ్యలో నిమ్మచెట్లు. కాసేపు కూర్చోవడానికి ఊళ్లో ఇంతకంటే మంచి చోటు లేదు.

అక్కడి నుంచి స్పాక్కనాపోలి అనే సన్నని వీధి పాత ఊరిని నిలువునా రెండుగా చీలుస్తూ సాగుతుంది. దాని పక్క సందులోనే సాన్సెవెరో. 1753లో జుసెప్పె సన్మార్తీనో ఒకే పాలరాతిలో చెక్కిన ముసుగు కప్పిన క్రీస్తు విగ్రహం ఇక్కడుంది. పల్చటి గుడ్డ కింద నరాలు, గాయాలు, సొట్టబడ్డ బుగ్గలు కనిపిస్తాయి. ఆ గుడ్డా రాయే. ప్రార్థనాలయానికి ఇప్పటి రూపమిచ్చిన రాజకుమారుడు రైమోందో ది సాంగ్రో రసవాది కావడంతో, నిజమైన గుడ్డనే రాయిగా మార్చాడని ఊళ్లో కథలు పుట్టాయి. ఫొటోలు తీయనివ్వరు. ఒక విధంగా అదే మేలు, జనం ఫోన్లు దించి విగ్రహాన్ని చూస్తారు.

ఇంకాస్త ముందుకెళితే సాన్ గ్రెగోరియో అర్మేనో వీధి. క్రీస్తు జనన దృశ్యం బొమ్మలు చేసే దుకాణాలు ఏడాది పొడుగునా తెరిచే ఉంటాయి. పశువుల కాపరులు, చేపలమ్మే ఆడవాళ్ల పక్కన రాజకీయ నాయకులు, ఫుట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు కూడా పెడతారు. మారడోనా బొమ్మ లేని కొట్టు ఉండదు. 1987, 1990లో ఊరి జట్టుకు లీగ్ టైటిల్ తెచ్చిపెట్టిన అర్జెంటీనా ఆటగాడు ఇక్కడ దేవుళ్లతో సమానం. ఆయన నిలువెత్తు గోడచిత్రం చూడాలంటే సాయంత్రం స్పానిష్ క్వార్టర్స్ సందుల్లోకి వెళ్లండి.

భూగర్భం కూడా చూడాలి. గ్రీకుల కాలం నుంచి టఫ్ అనే మెత్తటి అగ్నిపర్వత రాయి తవ్వి తీసిన గుంతలు నీటి తొట్లయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అవే జనం తలదాచుకున్న షెల్టర్లయ్యాయి. నాపోలి సొత్తెరానియా అనే టూర్ సుమారు 40 మీటర్ల లోతుకు తీసుకెళుతుంది. అందులో ఒకచోట మనిషి అడ్డంగా తిరిగి నడవాల్సినంత ఇరుకు. అలాంటివాటితో టెన్షన్ పడేవాళ్లు పక్కనే ఉన్న సాన్ లొరెంజో మజ్జోరె చర్చి కిందికి వెళ్లండి. రోమన్ల నాటి బజారు వీధి, కొట్ల అరుగులతో సహా, విశాలంగా ఉంటుంది. నిజానికి నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, మన తీరున మనం చూసుకోవచ్చు. దగ్గర్లోనే పియో మోంతె అనే దాతృత్వ సంస్థ చర్చిలో కరవాజో 1607లో వేసిన ‘ఏడు దయాకార్యాలు’ పటం ఉంది. అది ఏ బలిపీఠం కోసం వేశాడో ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది.

సాయంత్రం నాలుగు గంటలకు మోంతెసాంతో ఫ్యునిక్యులర్ ఎక్కి వోమెరో చేరుకోండి. సాంత్ ఎల్మో కోట బురుజు మీద నుంచి పొద్దున నడిచిన వీధి మొత్తం గీత గీసినట్టు కనిపిస్తుంది. దాని వెనక వెసూవియస్, పక్కన సముద్రం. ఓపికుంటే పెదమెంతీనా మెట్ల దారిలో నడిచి దిగొచ్చు.

8. రెండో రోజు: మ్యూజియం, అదీ పాంపేకి ముందే

చాలామంది పాంపే చూసొచ్చాక మ్యూజియానికి వెళతారు. నేను తిరగేసి చెబుతాను. పాంపే ఇళ్ల గోడల మీది మంచి చిత్రాలు, నేల మీది మొజాయిక్‌లు, కంచు విగ్రహాలు, గిన్నెలు 18వ శతాబ్దం నుంచే తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు. ముందు ఇవి చూస్తే పాంపేలో బోసిగా ఉన్న గదిలోకి అడుగుపెట్టినప్పుడు అక్కడ ఏముండేదో మనసులో పెట్టుకోగలం. తర్వాత చూస్తే ఆ లాభం ఉండదు.

కింది అంతస్తులో ఫర్నేసె అనే కుటుంబం సేకరించిన విగ్రహాలు. అలసిపోయి గదకు ఆనుకుని నిలబడ్డ హెర్క్యులీస్, ఒకే రాతి దిమ్మె నుంచి చెక్కిన ఎద్దు శిల్పం. పైన, పాంపేలో ఫాన్ ఇల్లు అని పిలిచే భవంతి నుంచి తెచ్చిన అలెగ్జాండర్ మొజాయిక్ ఉంటుంది. కొన్నేళ్లుగా దానికి మరమ్మతులు జరుగుతున్నాయి. తెరిచి ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్లండి.

తెలుగువాళ్లు తప్పక వెతకాల్సింది ఇంకొకటి ఉంది. 1938లో పాంపేలోని ఒక ఇంట్లో పావు మీటరు ఎత్తు కూడా లేని దంతపు స్త్రీమూర్తి దొరికింది. ఒంటినిండా నగలు, రెండు పక్కలా చెలికత్తెలు. భారతదేశం నుంచి వచ్చిందని చూడగానే తెలుస్తుంది. పాంపే లక్ష్మి అని పిలుస్తున్నా, యక్షి అనేవాళ్లే పండితుల్లో ఎక్కువ. ఇలాంటి బొమ్మలే మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్‌లలో దొరికాయి కాబట్టి శాతవాహనుల రాజ్యంలో చెక్కారని చాలామంది అంచనా. క్రీ.శ. 79కి ముందే దక్కన్ దంతం ఇక్కడి ధనవంతుడి ఇంటికి చేరిందన్నమాట. అవతలి వైపు రోమన్ నాణేలు మన ఆంధ్ర, తెలంగాణ నేలల్లో తవ్వకాల్లో బయటపడ్డాయి. ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) భారతదేశానికి పోతున్నాయని వాపోయిన రోమన్ రచయిత పెద్ద ప్లినీ, పాంపేను కప్పేసిన విస్ఫోటంలోనే ఈ అఖాతం ఒడ్డున చనిపోయాడు.

ఆ బొమ్మను పెట్టేది సీక్రెట్ క్యాబినెట్ అనే విభాగంలో. పాంపే శృంగార చిత్రాలన్నీ ఒకప్పుడు తాళం వేసి ఉంచిన గదులవి. అత్తామామలతో వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది. ప్రదర్శనల కోసం ఆ బొమ్మను వేరేచోటికి పంపుతుంటారు కాబట్టి లోపలికి వెళ్లేముందే కౌంటర్‌లో అడగండి.

మ్యూజియంకు మూడు గంటలు చాలు. తర్వాత మెట్రోలో తొలేదో స్టేషన్ దిగండి. నీలం, తెలుపు మొజాయిక్‌తో కప్పు మొత్తం నీళ్లలోంచి పైకి చూస్తున్నట్టు చేశారు. అక్కడి నుంచి అద్దాల కప్పుతో ఉన్న ఉంబెర్తో గ్యాలరీ, 1737లో తెరిచిన సాన్ కార్లో ఒపేరా, ప్లెబిషీతో కూడలి, సముద్రపు ఒడ్డున గుడ్డు కోట అని పిలిచే కాస్తెల్ దెల్ ఓవో దాకా నడకే. ఇవి పైపైన చూస్తూ పోవచ్చు.

9. మూడో రోజు: పాంపేనా, హెర్కులేనియమా?

రెండూ ఒకే రోజు చూడొచ్చని చెబుతారు. వద్దు. పాంపే ఒక ఊరు మొత్తం. దాదాపు మూడింట రెండు వంతులు తవ్వారు. వీధులు, బండి చక్రాల గాడులు, బేకరీలు, స్నానఘట్టాలు, వీధి గోడల మీది ఎన్నికల రాతలు అన్నీ ఉన్నాయి. నాలుగైదు గంటల నడక. హెర్కులేనియం చిన్నది, రెండు మూడు గంటల్లో అయిపోతుంది. కానీ అక్కడ దాదాపు 20 మీటర్ల మందాన వేడి బూడిద ప్రవాహం గట్టిపడటంతో కొయ్య తలుపులు, మంచాలు, పైఅంతస్తులు బొగ్గులా మారి నిలిచాయి. పడవలు దాచే గదుల్లో ప్రాణాలు కాపాడుకోవాలని చేరిన సుమారు 300 మంది ఎముకలు దొరికాయి. అక్కడి ఒక భవంతిలో కాలిపోయిన పపైరస్ చుట్టలను విప్పకుండానే, స్కాన్‌ల మీద కృత్రిమ మేధను వాడి ఇప్పుడు చదువుతున్నారు.

ఎండాకాలం, చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు అయితే హెర్కులేనియం. జీవితంలో ఒక్కసారే వచ్చేవాళ్లు, నడవగలిగినవాళ్లు అయితే పాంపే.

రెంటికీ వెళ్లేది చిర్కుంవెసువియానా అనే లోకల్ రైలే. చెంత్రాలే కింది అంతస్తులోని గరిబాల్డి స్టేషన్ నుంచి సొరెంటో వెళ్లే రైలు ఎక్కి, పాంపే స్కావి, విల్లా దెయ్ మిస్తేరి అని రాసున్న చోట దిగాలి. వేరే లైన్ల మీద పాంపే పేరున్న స్టేషన్లు మరికొన్ని ఉన్నాయి. అక్కడ దిగితే కొత్త ఊళ్లోకి వెళతారు. పాంపేకి 35, 40 నిమిషాలు, హెర్కులేనియం కోసం దిగాల్సిన ఎర్కొలానో స్కావికి ఇరవై. రైలు పాతది, కిటకిటలాడుతుంది, జేబుదొంగలకు పేరుమోసింది. బ్యాగు ముందుకు తగిలించుకోండి.

పాంపేలోకి పోర్తా మరీనా ద్వారం నుంచి వెళ్లండి. 30 సెంటీమీటర్లు దాటిన బ్యాగులు లోపలికి రానివ్వరు, కౌంటర్‌లో ఉంచాలి. గైడ్ లేకపోయినా పరవాలేదు గానీ, ప్రవేశం దగ్గర ఇచ్చే మ్యాపు మాత్రం తీసుకోండి. ఊరి ప్రధాన కూడలి అయిన ఫోరం, ఫోరం స్నానఘట్టం, కుక్క మొజాయిక్ ఉన్న విషాదకవి ఇల్లు, ఫాన్ ఇల్లు, 2023లో తిరిగి తెరిచిన వెత్తీ సోదరుల ఇల్లు, తర్వాత అబొందాంజా వీధి పొడుగునా యాంఫీథియేటర్ దాకా వెళితే ముఖ్యమైనవన్నీ వస్తాయి. పాంపే లక్ష్మి దొరికిన ఇల్లు కూడా ఈ వీధి దగ్గరే. చివర పారిపోతూ పడిపోయిన 13 మంది అచ్చులున్న తోట ఉంటుంది. శరీరాలు కరిగిపోగా బూడిదలో మిగిలిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి తీసే పద్ధతిని 1863లో జుసెప్పె ఫియోరెల్లి ప్రవేశపెట్టాడు. మిస్టరీల భవంతి ఊరి బయట ఉంది. దానికి సరిపోయే టికెట్ కొన్నారో లేదో చూసుకోండి. తాగునీటి కుళాయిలు దారిలో ఉన్నాయి, సీసా పట్టుకెళ్లండి. చలికాలంలో సాయంత్రం ఐదింటికే మూసేస్తారు, మూడున్నర తర్వాత లోపలికి రానివ్వరు.

వెసూవియస్ ఎక్కడం వేరే పూట పని. చివరిసారి 1944 మార్చిలో పేలింది. ఎత్తు 1281 మీటర్లు, చివరి కొంత దూరమే నడవాలి. టికెట్ ఆన్‌లైన్‌లోనే. పాంపేతో కలిపి ఒకేరోజు చేస్తే రెండూ సగం సగం అవుతాయి.

10. నాలుగో రోజు ఉంటే

అందరూ కాప్రీ అంటారు, నేను పోట్సువోలి అంటాను. మెట్రో రెండో లైను నేరుగా వెళుతుంది. రోమన్ల కాలంలో అలెగ్జాండ్రియా మీదుగా తూర్పు దేశాల సరుకు, మన మిరియాలతో సహా, దిగిన పెద్ద రేవు ఇదే. బైబిల్లో అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో పౌలు ఓడ దిగింది ఇక్కడే. ఒడ్డున పాత సంత స్తంభాల మీద సముద్రపు గుల్ల జీవులు తొలిచిన బెజ్జాలు చూడండి. ఇక్కడి నేల శతాబ్దాలుగా కుంగుతూ లేస్తూ ఉంటుందనడానికి అవే సాక్ష్యం. ఇది ఫ్లెగ్రేయి అగ్నిపర్వత ప్రాంతం. ఇటీవలి ఏళ్లలో చిన్నచిన్న భూకంపాలు తరచుగా వస్తున్నాయి కాబట్టి వెళ్లేరోజు వార్తలు చూసుకోండి. దీవి కావాలనే పట్టుదల ఉంటే ప్రోచిదా వెళ్లండి, కాప్రీ కంటే చవక, జనం తక్కువ.

11. తిండి

మార్గెరీతా పిజ్జా శాకాహారులకు కల్పవృక్షం. మరినారాలో చీజ్ కూడా ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. నేపుల్స్ పిజ్జా చేసే కళ 2017లో యునెస్కో జాబితాకెక్కింది. మధ్యలో తడిగా, మెత్తగా ఉంటుంది. సరిగా కాలలేదనుకోవద్దు, దాని తీరే అంత. పేరుమోసిన చోట్ల గంటల తరబడి నిలబడే బదులు, పక్క వీధిలో కట్టెల పొయ్యి, స్థానికుల సందడి ఉన్న కొట్టులోకి వెళ్లండి. తేడా మీరు అనుకున్నంత ఉండదు.

శాకాహారులు జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. ఫ్రియరియెల్లి అనే చేదు ఆకుకూర చాలా బాగుంటుంది, కానీ మామూలుగా పంది సాసేజ్‌తో వడ్డిస్తారు. పొరలు పొరలుగా ఉండే స్ఫొల్యతెల్లాలో, తరాల్లిలో పంది కొవ్వు వాడటం మామూలే. కొనేముందు ‘స్ట్రుట్టో’ ఉందా అని అడగండి. బీన్స్ పాస్తాలో, బంగాళాదుంప పాస్తాలో మాంసం ముక్కలు పడొచ్చు. ‘సెంత్సా కార్నే, సెంత్సా పెషె’ అంటే మాంసం వద్దు, చేప వద్దు. కోడి, మేక తిని గొడ్డు మాంసం తిననివాళ్లు రగూ, జెనొవేజె సాస్‌లు వదిలేయాలి. వంకాయ పార్మిజానా, శనగల పాస్తా, చేపలు తినేవాళ్లకు గవ్వల స్పగెట్టి, వేయించిన చిన్న చేపలు బాగుంటాయి. కారం కావాలంటే పెపెరొంచీనో అడగండి.

ఇంటి నుంచి కందిపొడి, నిమ్మకాయ పచ్చడి తీసుకెళ్లొచ్చు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం యూరప్‌లో నిషిద్ధం, కాబట్టి చికెన్ పచ్చడి, నెయ్యి సీసా ఇంట్లోనే ఉండాలి.

కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక యూరోకు కాస్త ఎక్కువ, కూర్చుంటే రెట్టింపు పైనే. రాత్రి భోజనం ఎనిమిది దాటాకే. ఏడింటికే వెళితే మీరొక్కరే ఉంటారు.

12. డబ్బు, వీధి, తిరుగు ప్రయాణం

మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. బయలుదేరే ముందే యాప్‌లో ఆన్ చేయండి. అక్కడి మిషన్ రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దని యూరోలే ఎంచుకోండి, లేకపోతే మారకం రేటులో నష్టపోతారు. చిల్లర నాణేలు కొన్ని ఎప్పుడూ జేబులో ఉంచుకోండి.

రోడ్డు దాటడం గురించి యూరప్ పర్యాటకులు భయపడతారు. అమీర్‌పేటలో తిరిగినవాళ్లకు అది సమస్యే కాదు, స్కూటర్లు మనల్ని చుట్టుకుని పోతాయి. భయపడాల్సింది ఫోన్ గురించి. రోడ్డు అంచున నిలబడి మ్యాపు చూడొద్దు, గోడవైపు జరిగి చూడండి. అత్యవసరానికి నంబరు 112.

తిరుగు ప్రయాణం నేపుల్స్ నుంచే అయితే విమానానికి మూడు గంటల ముందు చేరుకోండి. రోమ్ నుంచి అయితే, మధ్యాహ్నం రెండు గంటల్లోపు విమానం ఉన్నవాళ్లు ముందు రాత్రే రోమ్ వెళ్లి పడుకోవడం మేలు. పొద్దున్నే రైళ్లున్నా, ఇటలీలో రైల్వే సమ్మెలు తరచుగా జరుగుతాయి, వాటి తేదీలు ముందే ప్రకటిస్తారు. బయలుదేరడానికి వారం ముందు ఒకసారి, ముందు రోజు ఇంకోసారి చూసుకోండి.